ఒకే నూనె, రెండు ఫలితములు

మధుమేహమనగానే మనకు తోచునవి మూడు: వంశము, తిండి, శ్రమలేని జీవితము. ఈ మూడును నిజమే. వీనికి తోడు నాలుగవది ఒకటి ఉన్నది. ఆహారముతోను, గాలితోను శరీరములో చేరు కొన్ని రసాయనములు కూడ ఈ వ్యాధికి దోహదము చేయుననియు, అవి స్త్రీపురుషులను సమానముగా బాధింపవనియు పరిశోధనలు సూచించుచున్నవి.

1979లో తైవాన్ ద్వీపమున, తైచుంగ్, చాంగ్‌హువా ప్రాంతములలో ఒక వింత వ్యాధి పొడసూపినది. రోగులకు ముఖము మీద మొటిమల వంటి కురుపులు లేచినవి, గోళ్ళు నల్లబడినవి, కన్నులు పుసులు కట్టినవి. మొదట బయటపడినవారిలో ఒక అంధవిద్యార్థుల పాఠశాల పిల్లలు ఉన్నారు. విచారింపగా అందరును తిన్నది ఒకే తవుడు నూనె అని తేలినది. తప్పు తవుడుది కాదు. నూనె వాసన పోగొట్టుటకు దానిని వేడి చేయునపుడు, గొట్టములలో ప్రవహించు పి.సి.బి. అను ద్రవము కారి నూనెలో కలిసినది. బాధితులు సుమారు రెండు వేలమంది. 1968లో జపానులో ఇట్టి ప్రమాదమే జరిగినను, పదకొండేండ్లకు అది పునరావృతమైనది.

కురుపులు మానినవి, కాని కథ ముగియలేదు. ఇరువది నాలుగేండ్ల తరువాత వైద్యులు ఆ బాధితులను వారి ఇరుగుపొరుగువారితో పోల్చి చూచిరి. వయస్సును, స్థౌల్యమును లెక్కలోనికి తీసికొన్న పిమ్మట కూడ, బాధిత స్త్రీలలో మధుమేహము రెండు రెట్లకు మించి కనిపించినది. కురుపులు తీవ్రముగా లేచిన స్త్రీలలో అది ఐదు రెట్లు దాటినది. పురుషులలో చెప్పదగిన భేదము కానరాలేదు. ఇటలీలోని సెవెసో వద్ద 1976 జూలై 10న ఒక కర్మాగారమునుండి డయాక్సిన్ వెలువడినది. ఆ చుట్టుపట్ల కూడ మధుమేహ మరణముల పెరుగుదల స్త్రీలలోనే కనిపించినది.

దీనికి కారణమేమి? ఈ పదార్థములు నీటిలో కరగవు, కొవ్వులో కరగును. మూత్రముతో సులభముగా బయటికి పోక, కొవ్వులో ఏండ్ల తరబడి నిలిచియుండును. స్త్రీల దేహములో కొవ్వు పాలు సహజముగా అధికము. అదిగాక, ఇట్టి రసాయనములలో కొన్ని స్త్రీ హార్మోనుల పనిలో జోక్యము చేసికొనును. ఇన్సులిన్ పుట్టించు క్లోమగ్రంథి కణములపై ఆ హార్మోనుల ప్రభావము ఉన్నది. ఇవి శాస్త్రజ్ఞులు చూపు కారణములే కాని, తుది తీర్పు కాదు.

ఇంతమాత్రమున పురుషులకు అభయము లభించినదని తలపరాదు. వియత్నాం యుద్ధములో డయాక్సిన్ కలిసిన ఆకురాల్చు మందును చల్లిన అమెరికా సైనికులలో, రక్తములో ఆ విషము హెచ్చుగా ఉన్నవారికి మధుమేహము హెచ్చుగా కనిపించినది. కనుక స్త్రీపురుషులను కలిపి ఒకే సగటు తీసినచో, ఒకరికి కలిగిన హాని మరొకరి అంకెలలో మరుగుపడును. ఇద్దరిని వేరువేరుగా పరిశీలింపవలెననుటయే ఇందలి ముఖ్యమైన పాఠము.

2001 నాటి స్టాక్‌హోం ఒప్పందము పి.సి.బి.లను తొలగింపవలసిన విషముల జాబితాలో చేర్చినది. భారతదేశము 2006లో దానిని అంగీకరించినది. అయినను మనము చేయవలసిన పని కొంత ఉన్నది. పురుగుమందు డబ్బాలను కడిగి నూనెకు, ధాన్యమునకు వాడరాదు. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెను ఒంటికి రాచుకొనరాదు, పొయ్యిలో పోయరాదు. ఇంటిలోని స్త్రీకి మధుమేహము వచ్చినపుడు "తీపి తిన్నావు" అని నిందించుటకు ముందు, ఆమె తెలియక తిన్నదేమో, పీల్చినదేమో కూడ ఆలోచించుట న్యాయము.