పది టెస్ట్ కేసుల తూకం

ఆన్‌లైన్ కోడింగ్ టెస్టు అవ్వగానే మనవాళ్లు అడిగే మొదటి మాట "ఎన్ని కేసులు పాసయ్యాయి?" అని. "కోడ్ ఎలా రాశావ్?" అని ఎవరూ అడగరు. చాలా చోట్ల కంపెనీ కూడా అడగదు. మొదటి రౌండులో మన కోడ్‌ని మనిషి చదవడం అరుదు. సర్వర్ దాన్ని నడిపి, వచ్చిన జవాబుని తన దగ్గరున్న జవాబుతో అక్షరం అక్షరం పోల్చి, ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె కటాఫ్ పైన ఉంటే ఇంటర్వ్యూ, లేకపోతే ఒక మర్యాదైన మెయిల్. ఇంత బరువు మోస్తున్న ఆ అంకె అసలు దేన్ని కొలుస్తోందో ఒకసారి విప్పి చూద్దాం.

ఒక మామూలు ప్రశ్న తీసుకుందాం. 2 లక్షల సంఖ్యలు ఇస్తారు. ఏ రెండు కలిపితే కె వస్తుందో అలాంటి జతలు ఎన్ని ఉన్నాయో చెప్పాలి.

మొదటి అమ్మాయి రెండు లూపులు రాసింది. జవాబు కరెక్టే, కానీ అందులో దాదాపు 2,000 కోట్ల పోలికలు ఉంటాయి. పెద్ద కేసుల్లో టైమ్ లిమిట్ దాటిపోతుంది. రెండో అబ్బాయి హ్యాష్ మ్యాప్ వాడాడు, సరైన ఆలోచన. కానీ జావాలో జవాబుని ఇంట్‌లో దాచాడు. ఇంట్‌లో పట్టేది 214 కోట్ల చిల్లర. ఇచ్చిన సంఖ్యలన్నీ ఒకటే అయి, కె దానికి సరిగ్గా రెట్టింపు అయితే జతలు 2,000 కోట్ల దాకా వెళ్తాయి. ఆ కేసులో తప్పు జవాబు వస్తుంది. మూడో అమ్మాయి అదే ఆలోచనని పైథాన్‌లో రాసింది. పైథాన్‌లో పూర్ణాంకాలకి ఆ హద్దు లేదు కాబట్టి ఆ గొడవే రాలేదు. కాకపోతే పైథాన్ లూపులు నిదానం. టైమ్ లిమిట్‌ని సీ ప్లస్ ప్లస్‌ని చూసి పెట్టి ఉంటే ఆమె వేరే దగ్గర ఇరుక్కోవచ్చు. అంటే రెండో అబ్బాయికీ మూడో అమ్మాయికీ ఆలోచన ఒకటే, మార్కులు మాత్రం భాషని బట్టి మారిపోయాయి.

ఇప్పుడు మార్కులు వేసే పద్ధతి చూడండి. పది కేసుల్లో ఆరు చిన్నవైతే రెండు లూపులు రాసిన అమ్మాయికి 60 వస్తాయి. సరైన పద్ధతి రాసి, ఇన్‌పుట్‌లో మొదటి లైను చదవడం మర్చిపోయిన ఇంకొకరికి సున్నా వస్తుంది. ఆఫీసులో అయితే ఆ రెండో తప్పు పక్క సీటువాళ్లు అర నిమిషంలో చూపిస్తారు. టెస్టులో మాత్రం "రాంగ్ ఆన్సర్" అన్న రెండు మాటలే కనిపిస్తాయి.

పోనీ, అన్ని కేసులూ పాసైతే కోడ్ కరెక్టేనా? అదీ గ్యారంటీ లేదు. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌ రాసిన జాషువా బ్లాక్ 2006లో ఒక సంగతి బయటపెట్టాడు. మధ్య స్థానం కోసం లో, హై రెండూ కూడి రెండుతో భాగించే లైనులో, అర్రే సైజు సుమారు 107 కోట్లు దాటితే ఆ కూడిక పొంగిపోయి రుణ సంఖ్య అవుతుంది. ఆ తప్పు దాదాపు తొమ్మిదేళ్లు ఎవరికీ దొరకలేదు. ప్రపంచమంతా వాడే కోడ్‌లోనే అలా దాక్కోగలిగితే, మన పది కేసులు ఏపాటివి? టెస్ట్ కేసులు తప్పుని చూపించగలవు, తప్పు లేదని నిరూపించలేవు.

ఇంకో కోణం ఒత్తిడి. 2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 48 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు ఇంటర్వ్యూ చేసేవాళ్ల ముందు బోర్డు మీద ప్రాబ్లమ్ చేశారు, కొందరు గదిలో ఒంటరిగా చేశారు. ఎదురుగా ఒకరు చూస్తూ ఉన్నప్పుడు పనితీరు సగానికి పైగా పడిపోయింది. అది ఆన్‌లైన్ టెస్టు కాదు, నిజమే. కానీ వెబ్‌క్యామ్ ఆన్, ట్యాబ్ మారితే వార్నింగ్, పైన తరిగిపోతున్న గడియారం, ఊళ్లో ఉంటే కరెంటు ఎప్పుడు పోతుందోనన్న భయం, ఇవన్నీ కలిసినప్పుడు కొలిచేది ప్రోగ్రామింగ్ ఒక్కదాన్నే అనుకోవడం కష్టం.

మన క్లబ్బు భాషలో చెప్పాలంటే, అవధానంలో పృచ్ఛకుడు ఎదురుగా ఉంటాడు. నిషిద్ధాక్షరిలో ఒక అక్షరం వద్దంటే అవధాని ఇంకో దారి వెతుకుతాడు. అలా నడిచే కొద్దీ ఇద్దరి సత్తా తెలుస్తుంది. ఉద్యోగంలో ప్రోగ్రామింగ్ కూడా అంతే. "ఈ సంఖ్యలు రుణం కావచ్చా?", "డేటా ఎంత వస్తుంది?" అని అడగడం, వేరేవాళ్లు రాసిన పాత కోడ్ చదివి తప్పు పట్టుకోవడం, ఇవే రోజువారీ పనులు. టెస్టులో పృచ్ఛకుడు లేడు, ప్రశ్న అడిగే వీలూ లేదు.

చిన్న లెక్క ఒకటి, ఊహకే సుమా. 1,000 మంది రాశారు, అందులో ఆ పనికి నిజంగా తగినవాళ్లు 100 మంది. టెస్టు ఎవరినైనా 80 శాతం సార్లు సరిగ్గానే గుర్తిస్తుంది అనుకుందాం. తగినవాళ్లలో 80 మంది పాసవుతారు. మిగతా 900 మందిలో 20 శాతం, అంటే 180 మంది కూడా పాసవుతారు. మొత్తం 260లో తగినవాళ్లు 80 మందే. బయట పడిపోయిన 20 మంది సంగతి ఎవరికీ తెలియదు, ఎందుకంటే వాళ్లని మళ్లీ ఎవరూ చూడరు. తప్పుగా తీసుకున్నవాళ్లు కంపెనీకి కనిపిస్తారు, తప్పుగా వదులుకున్నవాళ్లు కనిపించరు. అందుకే కటాఫ్ పెంచడం సులువు, సరిదిద్దుకోవడం కష్టం.

అలాగని స్కిల్ టెస్టులో స్కిల్ నేతిబీరకాయలో నెయ్యి లాంటిదని కొట్టిపారేయలేం. వేలల్లో అప్లికేషన్లు వస్తే అందరితో కూర్చుని మాట్లాడటం ఏ కంపెనీకీ కుదరదు. పైగా సర్వర్‌కి మన కాలేజీ పేరు, ఇంటిపేరు, ఇంగ్లీషు యాస పట్టవు. పెద్ద పేరు లేని కాలేజీల వాళ్లకి గుమ్మం దాకా వెళ్లే దారి చాలాసార్లు ఇదే. కాబట్టి టెస్టు ఉండొద్దని కాదు, ఆ ఒక్క అంకె మీదే తీర్పు చెప్పొద్దని.

రాసేవాళ్లుగా మన చేతిలో ఉన్నవి కొన్ని. కోడ్ కన్నా ముందు హద్దులు చదవండి. ఎన్ 2 లక్షలంటే రెండు లూపులు వద్దని ప్రశ్నే చెబుతోందని అర్థం. జవాబు ఎంత పెద్దది కాగలదో లెక్కేసి ఇంటా లాంగా తేల్చుకోండి. ఖాళీ అర్రే, ఒకే సంఖ్య, అన్నీ సమానం, ఈ మూడు కేసులూ సొంతంగా నడిపి చూడండి. సబ్మిట్ చేసిన కోడ్ దాచుకునే వీలుంటే దాచుకోండి. ఇంటర్వ్యూ దాకా వెళ్తే దాని గురించే మాట్లాడొచ్చు.

ప్లేస్‌మెంట్ సెల్ ద్వారా కంపెనీలని అడగదగ్గవీ ఉన్నాయి. భాషని బట్టి టైమ్ లిమిట్ ఉందా? కరెంటో నెట్టో పోతే మళ్లీ రాయనిస్తారా? కటాఫ్‌కి కొంచెం కింద ఆగినవాళ్ల కోడ్ ఒక మనిషి చదువుతారా? కొత్తగా రాయించే బదులు, తప్పున్న వంద లైన్ల కోడ్ ఇచ్చి సరిచెయ్యమనే ప్రశ్న ఒకటైనా పెడతారా? అడిగితే ఖర్చేం కాదు, ఒకటి రెండింటికైనా ఒప్పుకుంటే వచ్చే బ్యాచ్‌కి అదే మేలు.

ఇక సున్నా వచ్చినవాళ్లకి: ఆ రోజు, ఆ గంటలో, ఆ పది కేసులకి మీ అవుట్‌పుట్ సరిపోలేదు. సర్వర్ చెప్పింది అంతే. "నాకు కోడింగ్ రాదు" అన్న మాట అది అనలేదు, అనే శక్తి దానికి లేదు కూడా.