పరికరాల ఆనవాళ్లు, ప్రకటనల వేలం

ఒక వెబ్‌సైటును చూడదలచిన వ్యక్తి బ్రౌజర్‌లో దాని చిరునామా కొట్టగానే అవతలి సర్వర్‌కు చేరే అభ్యర్థనలో, కావలసిన పేజీ పేరుతో పాటు అడుగుతున్న పరికరం ఎలాంటిదో తెలిపే ఒక వరుస కూడా ఉంటుంది. యూజర్ ఏజెంట్ అని పిలిచే ఈ వరుసలో బ్రౌజర్ పేరు, దాని వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల విషయంలో చాలాకాలం మోడల్ సంకేతం కూడా ఉండేది కాబట్టి, ‘ఎస్‌ఎం-జి973ఎఫ్’ అని కనబడితే అది శాంసంగ్ గెలాక్సీ ఎస్10 అని ఇట్టే పోల్చుకోవచ్చు. 2023 నుంచి క్రోమ్ బ్రౌజర్ ఆ సంకేతానికి బదులు ‘కె’ అనే ఒక్క అక్షరాన్ని పంపుతున్నది గానీ, సైటు విడిగా అడిగితే మోడల్ పేరు మళ్లీ చెబుతుంది గనుక ఈ మార్పుతో ఒరిగింది కొంతే. పేజీని తెరకు తగినట్టు అమర్చడానికి ఏర్పడిన ఈ పద్ధతిలో కుట్ర ఏమీ లేదు. ప్రకటనదారులకు పరికరాల గురించి తెలిసినదానిలో చాలా భాగం, ఆ పరికరాలు తమ పని జరగడానికి తామే చెప్పుకున్న సంగతులు.

వాటి విలువ ఏమిటో 2012లో వాల్‌స్ట్రీట్ జర్నల్ ప్రచురించిన ఒక కథనంతో బయటపడింది. మ్యాక్ కంప్యూటర్లు వాడేవారు హోటల్ గదికి ఒక రాత్రికి 30 శాతం దాకా ఎక్కువ ఖర్చు పెడుతున్నారని గమనించిన ఆర్బిట్జ్ అనే అమెరికన్ ప్రయాణ సంస్థ, వారికి వేరే హోటళ్లను, కొన్నిసార్లు ఖరీదైన వాటిని ముందుగా చూపుతున్నట్టు ఆ కథనం తెలిపింది. చేతిలోని పరికరం యజమాని కొనుగోలు శక్తికి కొలమానం అయినప్పుడు, దాని వివరాలకు గిరాకీ ఉండడం సహజం. ఆ గిరాకీ తీరేది ప్రకటనల వేలంలో. పేజీలోని ఖాళీ స్థలాన్ని ఎవరు కొంటారో తేల్చడానికి సాధారణంగా సెకనులో పదో వంతు కాలంలోనే వేలం జరుగుతుంది. ఓపెన్ ఆర్‌టీబీ అనే ప్రమాణం ప్రకారం వేలంపాటదారులకు పంపే సమాచారంలో తయారీ సంస్థ, మోడల్, తెర కొలతలు, నెట్‌వర్క్ సంస్థ, ఐపీ అడ్రస్ వంటి వాటికి విడివిడిగా గడులు ఉంటాయి. పాట నెగ్గేది ఒక్కరే అయినా ఈ వివరాలు ఓడినవారికీ చేరుతాయన్నది సాధారణంగా ఎవరూ పట్టించుకోని విషయం.

ఒకే ఫోను నిన్న ఒక యాప్‌లోనూ నేడు మరో యాప్‌లోనూ కనబడితే, రెండూ ఒకటేనని గుర్తించడానికి ప్రకటన ఐడీ ఉపయోగపడుతుంది. యాపిల్ 2012లోనూ, ఆ తర్వాత గూగుల్‌ కూడా ప్రవేశపెట్టిన ఈ ఐడీ ఒక పొడవైన సంఖ్య. అంతకుముందు వాడిన, మార్చడానికి వీలులేని శాశ్వత గుర్తు స్థానంలో, వినియోగదారు మార్చుకోగల గుర్తుగా ఇది వచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి ఐఫోన్‌లో ఈ సంఖ్యను చదవాలంటే యాప్‌లు అనుమతి అడగవలసి వచ్చింది.

ఐడీ దొరకనప్పుడు అక్కరకు వచ్చేది ‘బ్రౌజర్ వేలిముద్ర’, అంటే విడివిడిగా ఎవరినీ పట్టివ్వని చిన్న చిన్న లక్షణాలను కలిపి ఒక పరికరాన్ని గుర్తించే పద్ధతి. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌కు చెందిన పీటర్ ఎకర్స్‌లీ 2010లో 4,70,161 బ్రౌజర్లను పరిశీలించి, వాటిలో 83.6 శాతం బ్రౌజర్లకు సరిగ్గా సరిపోలేది మరొకటి లేదని చూపాడు. ఇందులోని గణితం సులువైనదే. అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రతి ప్రశ్నా గుంపును సగానికి తగ్గిస్తే, 33 ప్రశ్నలతో 800 కోట్ల మందిలో ఒక్కరిని ఏరవచ్చు. ఎకర్స్‌లీ కొలతలో ఒక్క ఫాంట్ల జాబితాయే దాదాపు 14 ప్రశ్నల పని చేసింది. బ్రౌజర్ ఆ జాబితాను నేరుగా ఇవ్వకపోయినా రాబట్టే ఉపాయం ఉంది. పేజీలోని ప్రోగ్రామ్ కంటికి కనబడని చోట ఒక పదాన్ని మామూలు ఫాంట్‌లో ఒకసారి, పరీక్షించదలచిన ఫాంట్‌లో ఒకసారి రాయించి రెండింటి వెడల్పులు కొలుస్తుంది. తేడా వస్తే ఆ ఫాంట్ ఆ కంప్యూటర్‌లో ఉన్నట్టే.

తెలుగువారికి ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. పోతన, వేమన వంటి ఫాంట్లను తెచ్చి పెట్టుకుని, పేజీలు తెలుగులో కావాలని బ్రౌజర్‌కు చెప్పి ఉంచిన వ్యక్తి హైదరాబాదులో కొంతవరకు గుంపులో కలిసిపోవచ్చు గానీ, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఆ రెండు లక్షణాలే ఆయనను గుంపు నుంచి విడదీస్తాయి. అరుదైనదే ఆనవాలు అవుతుంది గనుక, వెబ్‌లో తక్కువగా కనబడే భాషలవారికి మరుగు తక్కువ.

ఒకే ఇంటిలోని ఫోను, ల్యాప్‌టాప్, టీవీ ఒకరివేనని తేల్చడానికి నిశ్చితమైన దారి, అన్నిటిలోనూ ఒకే ఖాతాతో లాగిన్ అయి ఉండడం. అది లేనప్పుడు, ఒకే రౌటర్ వెనుక ఉన్నవాటికి బయట కనబడే ఐపీ అడ్రస్ సాధారణంగా ఒకటే కాబట్టి, రోజూ రాత్రివేళ ఒకే అడ్రస్ నుంచి వచ్చే పరికరాలను ఒక ఇంటివిగా లెక్కిస్తారు. మొబైల్ డేటాలో అయితే ఎందరో ఒకే అడ్రస్‌ను పంచుకుంటారు గనుక ఈ ఊహ పట్టుతప్పుతుంది. భారతదేశానికి చెందిన సిల్వర్‌పుష్ సంస్థ మరో మార్గం పట్టింది: టీవీ ప్రకటనలో మనుషుల చెవికి అందని ధ్వనిని చేర్చితే, ఫోనులోని యాప్ మైక్రోఫోన్ ద్వారా దానిని విని, ఆ ఫోను ఆ టీవీ ముందు ఉన్నదని గుర్తించే పద్ధతి అది. ఇది ఉన్న యాప్‌లను తయారుచేసిన 12 సంస్థలకు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 మార్చిలో హెచ్చరిక లేఖలు రాసింది. ఇంటి వైఫైలో ఉన్న ప్రింటర్, టీవీ వంటివి పక్క పరికరాలకు తమ ఉనికిని చాటుకుంటూ ఉంటాయి గనుక యాప్‌లు వాటిని లెక్కపెట్టగలవు. అందుకు ఐఫోన్‌లో అనుమతి తప్పనిసరి అయినది 2020లో మాత్రమే.

వేలిముద్ర పద్ధతిని తన ప్రకటన సేవలలో అడ్డుకుంటూ వచ్చిన గూగుల్ 2025 ఫిబ్రవరిలో ఆ నిషేధాన్ని సడలించగా, బ్రిటన్ సమాచార నియంత్రణ కార్యాలయం దానిని బాధ్యతారాహిత్యమని విమర్శించింది. యాపిల్ సఫారీ బ్రౌజర్ 2018లోనే ఇందుకు విరుద్ధమైన దారి పట్టి, కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఫాంట్లను తప్ప వాడుకరి చేర్చినవాటిని వెబ్‌సైట్లకు కనబడనీయడం మానేసింది. అందువల్ల మ్యాక్‌లో పోతన ఫాంట్ పెట్టుకున్నా, సైటు తన ఫాంట్‌ను తానే పంపకపోతే, సఫారీలో తెలుగు పేజీ యాపిల్ ఇచ్చిన ఫాంట్‌లోనే కనబడుతుంది.