రాజన్న దర్శనం అయ్యాక... ఎటు?

కోడెను కట్టి మొక్కు తీర్చుకోవడం, దర్శనం చేసుకోవడం, సాయంత్రం బస్సెక్కేయడం... వేములవాడ వెళ్లే చాలా కుటుంబాల ప్రయాణం ఇంతే. కానీ ఇది పదో శతాబ్దంలో వేములవాడ చాళుక్యుల రాజధాని. కన్నడ ఆదికవి పంపడు 'విక్రమార్జున విజయం' రాసింది ఇక్కడి రెండో అరికేసరి ఆస్థానంలోనే. అందుకే మరో రెండు రోజులు ఇక్కడే మకాం పెట్టి, రోజుకో దిక్కుకు వెళ్లొస్తే వెయ్యేళ్ల చరిత్ర చూసినట్టే!

మొదటి రోజు: గుట్ట మీద పద్యం
తెల్లవారగానే గంగాధర మండలం కురిక్యాల దారి పట్టాలి. ఎండెక్కితే బండ కాలిపోతుంది. ఇక్కడి బొమ్మలమ్మ గుట్ట మీద జైన శిల్పాల కింద పంపడి తమ్ముడు జినవల్లభుడు క్రీ.శ. 945 ప్రాంతంలో చెక్కించిన శాసనం ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు... మూడు భాషలూ ఒకే బండమీద! ఇందులోని కంద పద్యాలు తెలుగులో దొరికిన తొలి కందాలని పండితుల మాట. అంటే నన్నయకు దాదాపు వందేళ్ల ముందువి. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు ఈ శాసనం పేరూ గట్టిగానే వినిపించింది.

అక్కడి నుంచి జగిత్యాల రోడ్డులోనే కొండగట్టు. అంజన్న దర్శనానికి మంగళ, శనివారాల్లో రద్దీ ఎక్కువ. 2018 సెప్టెంబరు 11న ఈ ఘాట్‌రోడ్డులో బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. కిక్కిరిసిన బండి ఎక్కకండి, తొందర పడకండి. సాయంత్రానికి జగిత్యాల మీదుగా ధర్మపురి చేరితే నరసింహస్వామి గుడి, గోదావరి ఒడ్డు, అరుదైన యమధర్మరాజు మందిరం చూడొచ్చు.

రెండో రోజు: చందుర్తి దారిలో
ఈసారి ప్రయాణం చందుర్తి, రుద్రంగి మీదుగా కోరుట్లకు. యాత్రల పుస్తకాల్లో ఈ ఊళ్ల పేర్లు పెద్దగా కనిపించవు. దుబాయి, మస్కట్‌లకు వలస వెళ్లినవాళ్ల పల్లెలివి. చందుర్తిలో ఆగి ఓ చాయ్ తాగితే గల్ఫ్ కబుర్లు వాటంతటవే చెవిన పడతాయి. కోరుట్ల దాటితే ఖాదీకి పేరున్న మెట్‌పల్లి. తిరుగు దారిలో జగిత్యాల కోట... పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి ఇంజినీర్ల సాయంతో నక్షత్రం ఆకారంలో కట్టింది.

ఓ పూట మిగిలితే...
* మరమగ్గాల చప్పుడు వినాలంటే పక్కనే సిరిసిల్ల. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసింది ఈ ఊరి నేతన్నే.
* కరీంనగర్ వైపు వెళ్తే, ఒకప్పటి జిల్లా కేంద్రం ఎలగందులలో కొండ మీద కోట.
* చరిత్ర మీద మక్కువ ఉంటే శాతవాహనుల తొలినాళ్ల నాణేలు దొరికిన కోటిలింగాల. దానికి మాత్రం విడిగా ఓ రోజు కేటాయించాలి.

బయల్దేరే ముందు
సోమవారాలు, శివరాత్రి, మేడారం జాతర ముందు రోజుల్లో వేములవాడ కిటకిటలాడుతుంది. ఆలయ విస్తరణకు 2024 నవంబరులో శంకుస్థాపన జరిగింది కాబట్టి దర్శనం ఏర్పాట్లు ముందే కనుక్కోవడం మేలు. జగిత్యాల, ధర్మపురిలకు బస్సులున్నాయి. కురిక్యాల గుట్టకు మాత్రం సొంత బండో, మాట్లాడుకున్న ఆటోనో సుఖం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను గుట్ట కింద నీడన కూర్చోబెట్టి, పిల్లల్ని పైకి తీసుకెళ్లొచ్చు. నీళ్లు మరవొద్దు!

అన్నీ ఒకే రోజులో చుట్టేయాలనుకుంటే మాత్రం మిగిలేది అలసటే. ఒక్కటే చూసే వీలుంటే కురిక్యాలకే ఓటేయండి. గ్రానైట్ క్వారీలకు ఎన్నో గుట్టలు కరిగిపోయిన ప్రాంతమిది. గుడికైతే పూజారులున్నారు, భక్తులున్నారు. బండమీది పద్యానికి మాత్రం వెళ్లి చూసొచ్చే మనుషులే కాపలా!