కోతి గుణమా, కొమ్మ గుణమా?

కోతి అనగానే మనకి గుర్తుకొచ్చేవి పిచ్చి చేష్టలే. నిజానికి కోతుల గుంపులో పాటించే మర్యాదలు మన పెళ్ళిపందిట్లో కంటే ఎక్కువ! ఉత్తర భారతంలో విరివిగా కనిపించే రీసస్ కోతుల్నే తీసుకోండి. ముందు ఎవరు తినాలి, ఎవరొస్తే ఎవరు లేచి చోటివ్వాలి – అన్నీ హోదాని బట్టే. కోతి పళ్ళు ఇకిలిస్తే వెక్కిరిస్తోందనుకుంటాం. తోటి కోతుల మధ్య చాలాసార్లు దానర్థం "నువ్వే పెద్ద, నన్నొదిలెయ్" అని.

ఆడకోతికి ఈ హోదా తల్లి నుంచి వస్తుంది. అక్కచెల్లెళ్ళలో మాత్రం సాధారణంగా చిన్నదానిదే పైచేయి. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నమాట.

ఇక్కడే అసలు ప్రశ్న. కింది మెట్టు కోతి బెరుకుగా ఉంటుంది. బెరుకు వల్ల కిందికి పోయిందా, కింద ఉండటం వల్ల బెరుకొచ్చిందా? అడవిలో చూస్తూ కూచుంటే ఇది తేలదు.

అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయ ప్రైమేట్ పరిశోధన కేంద్రం కోతులతో దీన్ని పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. 45 ఆడకోతుల్ని అయిదేసి చొప్పున 9 గుంపులు చేసి, ఒక్కొక్కదాన్నే లోపలికి పంపారు. ఈసారి సామెత తిరగబడింది: దాదాపుగా ముందొచ్చినవి పైన, వెనకొచ్చినవి కింద స్థిరపడ్డాయి. ఏడాది తర్వాత గుంపులు మార్చి మళ్ళీ అలాగే పంపారు. మిగతావి కదపకుండా ఒక్కటే మార్చి చూడటం – ప్రోగ్రాములో తప్పు పట్టుకోడానికి మేం చేసే పనే.

హోదా మారితే కోతి మారింది. కింద ఉన్నవాటికి వేధింపులు ఎక్కువ, పక్కన చేరి పేలు చూసేవాళ్ళు తక్కువ. పైకెక్కినవాటిలో తెగువ, కలుపుగోలుతనం పెరిగాయి. రోగనిరోధక కణాల్లో జన్యువుల పనితీరు కూడా కొత్త హోదాకి తగ్గట్టు మారింది.

పుట్టు స్వభావం లేదని కాదు. మనిషి కోతీ కాదు. మనకి గుంపు ఒక్కటే ఉండదు. ఆఫీసులో కింది మెట్టు మీదున్నాయన గుడి కమిటీలో పెద్దమనిషి కావచ్చు. కాబట్టి కొత్త బడిలో మీ అమ్మాయి నోరు విప్పటం లేదని టీచరు చెబితే, "దాని స్వభావమే అంతండీ" అని ఒప్పేసుకోకండి. ఆ తరగతిలో ఎప్పుడు చేరింది, పక్కన ఎవరు కూచుంటున్నారు అని అడగండి. ఆదివారం తెలుగు బడిలో అదే పిల్ల ఎలా ఉంటోందో కూడా ఓసారి చూడండి.