సరదాకో చిప్‌!

రేడియోని సొంతంగా బిగించుకునేవాళ్లుంటారు. కంప్యూటర్‌ని విడిభాగాలు కొని తెచ్చి కూర్చుకునేవాళ్లూ ఉంటారు. మరి ఆ కంప్యూటర్‌ లోపలి చిప్‌నో? అమ్మో... అది వేల కోట్ల ఫ్యాక్టరీల పని అంటారా? తయారీ వరకూ నిజమే. డిజైన్‌ మాత్రం ఇప్పుడు ఇంట్లో కూర్చుని సరదాగా చేసేస్తున్నారు. అదీ పైసా పెట్టి కొనక్కర్లేని సాఫ్ట్‌వేర్‌తో!

ఇందులో బాగా పాత సాఫ్ట్‌వేర్‌ ఒకటి 'మ్యాజిక్‌'. 1983లో అమెరికాలోని బర్కిలీలో ప్రొఫెసర్‌ జాన్‌ ఔస్టర్‌హౌట్‌, ఆయన విద్యార్థులు కలిసి దాన్ని రాయడం మొదలుపెట్టారు. చిప్‌ అంటే పొర మీద పొరగా వేసే బహుసన్నని ముగ్గు లాంటిది. మ్యాజిక్‌లో తెరమీద రంగురంగుల గడులు గీస్తూపోవడమే. రెండు గీతలు ఉండాల్సినదానికన్నా దగ్గరకొచ్చాయా, అక్కడికక్కడే చుక్కలు పెట్టి తప్పు చూపించేస్తుంది. పైగా ప్రోగ్రామ్‌ని, దాన్ని రాసిన కోడ్‌తో సహా అడిగినవారికల్లా ఇచ్చేశారు. అందుకే నలభై ఏళ్లు దాటినా అది బతికే ఉంది. టిమ్‌ ఎడ్వర్డ్స్‌ అనే ఇంజినీరు దాని బాగోగులు చూస్తున్నారు.

లక్షల ట్రాన్సిస్టర్లని చేత్తో గీయలేం కదా. సర్క్యూట్‌ ఏం చేయాలో ప్రోగ్రామ్‌లా రాసిస్తే దాన్ని లాజిక్‌ గేట్లుగా మార్చే 'యోసిస్‌'ని క్లెయిర్‌ వోల్ఫ్‌ తయారుచేశారు. ఆ గేట్లని చోటు చూసి సర్ది, తీగలు కలిపే 'ఓపెన్‌రోడ్‌' 2018లో శాన్‌డియాగోలో మొదలైంది. మనిషి చెయ్యి పడకుండా 24 గంటల్లో పని ముగించాలన్నది దాని లక్ష్యం.

అన్నీ ఉన్నా అసలుది లేదు! ఇంటికి ప్లాను గీయాలంటే మేస్త్రీ ఎంత మందం గోడ కట్టగలడో తెలియాలి. చిప్‌కీ అంతే. తీగ ఎంత సన్నగా ఉండొచ్చు, మధ్యలో ఎంత ఎడం వదలాలి... ఈ లెక్కలన్నీ ఉండే కట్టని 'పీడీకే' అంటారు. ఫ్యాక్టరీలు దాన్ని రహస్యంగా దాచుకుంటాయి. ఎవరికీ చూపించబోమని సంతకం పెడితేగానీ ఇవ్వవు. మరి నలుగురితో పంచుకునేదెలా?

2020 జూన్‌లో ఆ తాళం తెరుచుకుంది. అప్పట్లో గూగుల్‌ ఇంజినీరైన టిమ్‌ ఆన్సెల్‌ చొరవతో అమెరికన్‌ చిప్‌ కంపెనీ స్కైవాటర్‌ తన 130 నానోమీటర్ల పీడీకేని అందరికీ ఇచ్చేసింది. పాతదే అనుకోండి... 2002 నాటి పెంటియమ్‌-4లు ఆ కొలతవే. ఎంచుకున్న డిజైన్ల తయారీ ఖర్చునీ గూగులే భరించింది. తొలి విడతలో 40 డిజైన్లకు చోటు. తీరా చిప్‌లు వచ్చాక చూస్తే, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న చట్రంలోనే టైమింగ్‌ లోపం! బొమ్మతో సహా అంతా బహిరంగమే కాబట్టి తప్పెక్కడుందో ఎవరైనా వెతకగలిగారు. ఆ తర్వాత చట్రాన్నీ మార్చారు.

2022లో మాట్‌ వెన్‌ మొదలుపెట్టిన 'టైనీ టేపవుట్‌' ఇంకాస్త తేలిక. ఒకే చిప్‌ని చిన్నచిన్న వాటాలుగా పంచుతారు, కొత్త కాలనీలో ప్లాట్లు వేసినట్టు. వాటా సుమారు 160 మైక్రాన్ల పొడవు, 100 మైక్రాన్ల వెడల్పు. దాదాపు వెయ్యి గేట్లు పడతాయి. అన్నీ కలిపి ఒకేసారి తయారుచేయిస్తారు గనక ఖర్చూ తలా కాస్తే. బోర్డు మీద బిగించిన చిప్‌ ఇంటికొస్తుంది.

అంతా సాఫీగా సాగలేదు. స్కైవాటర్‌కి డిజైన్లు చేరవేసే ఈఫ్యాబ్‌లెస్‌ కంపెనీ 2025 మార్చిలో నిధుల్లేక మూతపడింది. డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవాళ్లకు గుండె జారినంత పనైంది. అయితే జర్మనీలోని ఐహెచ్‌పీ పరిశోధన సంస్థ కూడా అప్పటికే తన పీడీకేని బయటపెట్టింది. టైనీ టేపవుట్‌ అటు మళ్లింది. ప్రోగ్రామ్‌లా రాసుకున్నవాళ్లు అదే కోడ్‌ని కొత్త కొలతలతో మళ్లీ నడిపిస్తే సరిపోయే అవకాశం ఉంది. మ్యాజిక్‌లో గడీగడీ చేత్తో గీసుకున్నవాళ్లు మాత్రం కొత్త పీడీకే ముందేసుకుని మొదటి గీత నుంచి గీయాల్సిందే.