దమ్ము చక్రాలూ, మంచు టైర్లూ

మా అక్క ఉండేది అమెరికాలో, బఫెలో అనే ఊళ్ళో. ఆ పేరు విని మా నానమ్మ "గేదెల ఊరికా పంపుతున్నారు పిల్లని?" అంది. ఆ ఊరికి నిజంగా పేరు తెచ్చింది గేదెలు కాదు, మంచు. మనకి కొల్లేరు ఉన్నట్టే వాళ్ళకి పక్కన ఈరీ సరస్సుంది. చలికాలం మొదట్లో ఇంకా వెచ్చగానే ఉన్న ఆ నీటి మీదుగా చలిగాలి వచ్చి, తేమ పీల్చుకుని, ఒడ్డు చేరగానే మంచుగా దించేస్తుంది. 2022 నవంబరులో బఫెలో పక్కనున్న ఆర్చర్డ్ పార్క్‌లో ఒక్క తుపానుకే దాదాపు 80 అంగుళాలు పడింది. అంటే రెండు మీటర్లు. పెదపాడులో మా వీధిగుమ్మం దాదాపు మునిగిపోద్ది.

అంతకు ముందు చలికాలం అక్క ఒక సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కింది. కాలి కింద బ్రేకు గడగడలాడింది గానీ కారు ఆగలేదు. నెమ్మదిగా, తాడు తెగిన పడవలాగా, కూడలి మధ్యదాకా జారిపోయింది. వెనక సీట్లో ఎనిమిది నెలల మా మేనకోడలు. అటువైపు నుంచి ఎవరూ రాలేదు కాబట్టి సరిపోయింది. ఈ సంగతి నాన్నకి చెప్పలేదు, నాకే చెప్పింది. సెప్టెంబరులో మళ్ళీ ఫోను. "ఒరేయ్, నువ్వు మెకానికల్ కదా, ఏ టైర్లు కొనాలో చూసి చెప్పు. ముందు చక్రాలే కదా లాగేది, ఆ రెండూ మారిస్తే చాలదా? నాలుగంటే చాలా అవుతోంది."

నేను మంచుని సినిమాల్లో తప్ప చూడలేదు. కూర్చుని చదివాను. మీలో ఎమ్మెస్‌కి వెళ్ళేవాళ్ళు చాలామందే ఉంటారు, అందుకే రాస్తున్నా.

అసలు కథంతా రబ్బరులో ఉంది. చలి పెరిగేకొద్దీ రబ్బరు బిగుసుకుంటుంది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే మామూలు టైరు రోడ్డుని పట్టుకునే శక్తి తగ్గుతూ పోతుంది, మంచు పడకపోయినా సరే. చలికాలపు టైరులో గడ్డకట్టే చలిలోనూ మెత్తగా ఉండే మిశ్రమం వాడతారు. అక్కడి కార్లకి మామూలుగా వచ్చేవి 'ఆల్ సీజన్' టైర్లు. పేరు చూసి మోసపోవద్దు, వాటిలో 'ఆల్' అన్నమాటలో బఫెలో జనవరి లేదు. టైరు పక్కగోడ మీద 'ఎం ప్లస్ ఎస్' అని ఉంటే అది గాడుల అమరిక గురించి తయారీదారు చెప్పుకున్న మాట మాత్రమే. వెతకాల్సింది మూడు శిఖరాల కొండ, దానిలో మంచుపువ్వు ఉన్న గుర్తు. మంచు మీద పరీక్షలో నెగ్గితేనే అది వేస్తారు. ఏడాదంతా ఉంచుకునే 'ఆల్ వెదర్' టైర్లకీ ఆ గుర్తుంటుంది, కానీ బఫెలో లాంటి చోట నా ఓటు అసలైన చలికాలపు టైర్లకే.

నేను ఫోన్లో టైరు ఫొటో చూస్తుంటే నాన్న తొంగిచూశాడు. "ఈ సన్నగాడులేంట్రా? మన చేలో అయితే ఒక్క చుట్టుకే మట్టి కూరుకుపోయి గుండు టైరైపోద్ది."

సరైన ప్రశ్న. బురదలో తిరిగే ట్రాక్టరు టైరుకి గాడులు వెడల్పుగా ఉండేది మట్టిని విదిలించుకోడానికే. మంచు టైరు పని దీనికి పూర్తిగా తిరకాసు. అది మంచుని గాడుల్లో పట్టి ఉంచుకోవాలి, ఎందుకంటే రబ్బరు కంటే మంచే మంచుని బాగా అంటుకుంటుంది. రెండు ముద్దలు కలిపి నొక్కితే ఒకటైపోతాయి కదా, అదన్నమాట. ఇక కత్తిగాట్లలాంటి ఆ సన్నచీలికలు, చక్రం కింద నలిగినప్పుడు తెరుచుకుని, వాటి అంచులు మంచుని కొరుకుతాయి. బురద టైర్లు వేసుకుని మంచులో దర్జాగా పోవచ్చనుకునేవాళ్ళు పప్పులో కాలేసేది ఇక్కడే.

వెడల్పు దగ్గర కూడా అంతే. పాకలో ఉన్న మా దమ్ము చక్రాలు వెడల్పుగా ఉండేది ట్రాక్టరు బురదలో దిగబడకుండా. ఊళ్ళో రోడ్డు మీద మంచుకైతే కింద గట్టి తారుంది, కోసుకుని దిగితేనే నయం. అందుకే చిన్న కారుకి సన్నటైరు మేలు. అక్క కారుకి 205/55 ఆర్16 ఉంది. దానికి బదులు 195/65 ఆర్15 వేస్తే చక్రం మొత్తం ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లే మారుతుంది, పైగా ధర తక్కువ. ఆ మోడలుకి 15 అంగుళాల రిమ్ము బ్రేకులకి తగలకుండా పడుతుందో లేదో మాత్రం కొనేముందే అడగాలి. అయితే కారు పొట్టకీ నేలకీ మధ్య ఖాళీ 13 సెంటీమీటర్లే అయినప్పుడు అంతకు మించి మంచుంటే కారు పొట్టమీద తేలుతుంది. అప్పుడు ఏ టైరూ ఏమీ చెయ్యలేదు, ఇంట్లో ఉండటమే.

"అసలు ఇప్పుడెందుకు మారుస్తోంది?" అన్నాడు నాన్న. దాచలేకపోయాను. జారిన సంగతి చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "రెండు చాలవా మరి?" అని అక్క అడిగిందే అడిగాడు.

చాలవు. బ్రేకు తొక్కగానే బరువు ముందుకి ఒరుగుతుంది, వెనక తేలికవుతుంది. ముందు టైర్లు గట్టిగా పట్టుకుని వెనకవి జారితే, మలుపులో వెనకభాగం ముందుకి వచ్చేస్తుంది, కారు గిరగిరా తిరుగుతుంది. నాలుగు చక్రాలూ లాగే బండికైనా ఆ లాగుడు కదలడానికే పనికొస్తుంది, ఆగడానికి కాదు. ఆపేది టైరే.

"రెండూ గిండూ వద్దు, నాలుగూ వేయించుకోమను. నేనిస్తా" అని అక్కకి తనే ఫోను చేశాడు. అక్క ఆ డబ్బు తీసుకోలేదు, నన్ను మాత్రం బాగా తిట్టింది. నాలుగూ వేయించింది, విడిగా ఇనప రిమ్ములతో సహా. ప్రతి ఏడూ టైరు ఊడదీసి ఎక్కించే ఖర్చు దానివల్ల తప్పుతుంది.

ఇంకో రెండు మాటలు. చలికి గాలి కుంచించుకుపోతుంది. సుమారు ప్రతి 6 డిగ్రీల చలికీ ఒక పీఎస్ఐ తగ్గుతుంది, నెలకోసారైనా చూసుకోవాలి. పాతటైర్లు చౌకగా దొరికితే గాడి లోతు కొలవండి. 5 మిల్లీమీటర్లలోపు ఉంటే మంచులో వాటిమీద ఆశ పెట్టుకోవద్దు.

నాన్న ఇప్పుడు పొద్దున్నే ఏలూరు వాతావరణం కంటే ముందు బఫెలోది చూస్తున్నాడు. మొన్న ఏప్రిల్లో అక్కడ వరసగా వారం రోజులు 10 డిగ్రీలు దాటేసరికి, "ఆ మెత్తరబ్బరు ఎండకి అరిగిపోద్దేమో, తీయించెయ్యమ్మా. ఏది ఎటువైపుదో సుద్దముక్కతో రాసిపెట్టు" అని చెప్పాడు. అక్క రాసింది. 'ఎడమ ముందు, కుడి వెనక' అని తెలుగులోనే. అవి బాల్కనీలో, పాప మూడు చక్రాల సైకిలు పక్కన ఉన్నాయి.