పరాయి దేశంలో తోటపనికి వెళ్తున్నారా?

డిగ్రీ అయ్యాక ఓ ఏడాది విదేశంలో తోటపని చేసివస్తానని మీ అబ్బాయో అమ్మాయో అంటున్నారా? తిండీ బసా ఇస్తే కూలి లేకుండా పనిచేసే ఈ పద్ధతి 1971లో ఇంగ్లండులో మొదలై చాలా దేశాలకు పాకింది. పంపండి, మంచిదే.

అయితే "కమలాపురం ఎండలో పెరిగినవాడికి ఎండొక లెక్కా?" అనకండి. ఎండకు ఓర్చే శక్తి పుట్టుకతో వచ్చిన ఆస్తి కాదు. రోజూ ఎండలో పనిచేస్తే ఒకటి రెండు వారాల్లో వస్తుంది, నెల్లాళ్ళు ఫ్యాను కింద కూర్చుంటే పోతుంది. అందుకే మొదటిరోజు ఐదోవంతు పనే చాలు. తర్వాత రోజుకు కాస్త పెంచుకోవాలి. కూలికి కువైట్ వెళ్ళే మన జిల్లావాళ్ళకూ ఇదే సూత్రం. అక్కడ 2016 జూలైలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని నిషేధం.

ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి. నీడకు చేర్చి, ఒంటినిండా చన్నీళ్ళు పోసి విసురుతూ ఆస్పత్రికి తరలించాలి. జ్వరం మాత్రలు దీనికి పనిచేయవు.

పెట్టెలో ఊరగాయ సీసాకిచ్చే చోటులో కొంత వెడల్పాటి టోపీకీ ఇవ్వండి! మరొకటి: మట్టిలో, పేడలో పని కనుక ధనుర్వాతం టీకా వేయించి పదేళ్ళు దాటితే బయలుదేరే ముందే ఒక మోతాదు వేయించండి.